బయటికి దారి లేని నాణెం

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నాణెం ఇంకా తయారవకముందే దానికొక పాట వచ్చింది, టోపీలు వచ్చాయి, గోడంత బొమ్మ వచ్చింది. కంప్యూటర్లో తప్ప ఎక్కడా కనబడని ఆ క్రిప్టో నాణేనికి కన్నతండ్రి బావ. టోపీల మీది మాటా, బొమ్మ కింది మాటా రాసింది ఆయన మరదలు. ఇంట్లో ఆమెను చిన్నది అంటారు. ముప్పై నాలుగేళ్లు నిండినా చిన్నదే.

అంతకుముందు పదేళ్లపాటు చిన్నది కుక్కర్లకీ, మిక్సీలకీ, కుట్టు మిషన్లకీ 'వాడే విధానం' పుస్తకాలు రాసింది. అట్టపెట్టె అడుగున పడి ఉంటాయే, అవే. ఆమెకొక పట్టింపు ఉంది. తన చేత్తో చేసి చూడని పని గురించి ఒక్క ముక్క రాయదు. మూత ఎడమవైపు తిప్పండి అని రాయాలంటే ముందు తను తిప్పాల్సిందే. ఒకసారి మిషన్ సూది మార్చబోయి బొటనవేలు కుట్టుకుంది. ఆ పేజీలో "ముందు ప్లగ్ తీయండి" అన్న వాక్యం చేరింది ఆ రోజే. అమ్మ స్నేహితురాళ్లు ఏ వస్తువు కొనబోయినా "మీ చిన్నది రాసిందేనా?" అని అడిగి మరీ కొనేవాళ్లు. బావ ఆమెను పిలిచి ఉద్యోగమిచ్చింది ఆ నమ్మకం కోసమే. లేకపోతే నాలుగు వాక్యాలు రాసేవాళ్లకు కరువా?

ప్రకటన సభ శనివారం పదకొండింటికి. గురువారం ఉదయం ఆమె నాణెం 'వాడే విధానం' పుస్తకం చివరి పేజీ ముందేసుకుని కూర్చుంది. అందులో ఒక వాక్యం బావే రాసి ఇచ్చాడు: "మీ డబ్బు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోండి." సభకు ముందే ఇంటివాళ్లకీ ఆఫీసువాళ్లకీ నాణెం తెరిచి ఉంచారు కాబట్టి, అలవాటు చొప్పున చిన్నది తన డబ్బు కొంచెం వేసింది. తెర మీద నాణేలు టకటకా వచ్చి పడ్డాయి. తర్వాత 'వెనక్కి' అన్న బటన్ నొక్కింది. చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. టీ తాగి వచ్చింది. తిరుగుతూనే ఉంది. భోజనం చేసి వచ్చింది. ఇంకా తిరుగుతూనే ఉంది.

పక్క బల్ల దగ్గర ప్రోగ్రామర్ కూర్చుంటాడు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండే మనిషి కాబట్టి ఆఫీసంతా ఆయన్ని మౌనస్వామి అంటారు.

"స్వామీ, ఇది ఎంతసేపు తిరుగుతుంది?"

"మూడు నెలలు," అన్నాడాయన తల తిప్పకుండానే.

"ఏంటి?"

"ఆ బటన్‌కి బొమ్మే ఉందండి, వెనకాల ఏమీ లేదు. డబ్బు లోపలికెళ్లే దారి రాశాను. బయటికొచ్చే దారి ఇంకా రాయలేదు. సార్‌కి రెండుసార్లు చెప్పాను."

ఆయన జీవితంలో అంత పొడుగు మాట అదే మొదటిది కాబోలు. చెప్పేసి నీళ్లు తాగాడు. చిన్నది తిన్నగా బావ గదిలోకి వెళ్లింది.

బావ దొంగ కాదు. అదే వచ్చిన చిక్కు. దొంగయితే ఆమె ఆ పూటే చెప్పులేసుకుని వెళ్లిపోయేది. ఆయన చెప్పే గొప్పలన్నీ అందరికంటే ముందు ఆయనే నమ్ముతాడు.

"నాకు తెలుసు చిన్నా," అన్నాడు. "కానీ పూర్తయ్యాక చాటింపు వేస్తే వినడానికి ఎవడూ మిగలడు. ఈలోగా ఇంకోడు ఇంకో నాణెం తెస్తాడు. జనం వస్తేనే డబ్బు. డబ్బుంటేనే స్వామికి జీతం. జీతముంటేనే నీ బటన్. ఏది ముందో నువ్వే చెప్పు."

"చాటింపు వద్దనట్లేదు బావా. ఉన్నదున్నట్టు వేద్దాం. ఇది సగమే అయింది, ఇప్పుడే డబ్బు వెయ్యకండి, ఉత్తుత్తి నాణేలిస్తాం, వాడి చూసి తప్పులు చెప్పండి అందాం. అలా వచ్చినవాళ్లు రేపు నిజంగా నిలబడతారు."

"సగం కట్టిన ఇంటికి గృహప్రవేశం ఎవడైనా చేస్తాడా?"

"మీరు చేస్తున్నది అదేగా! పైగా తలుపులు బయట గడియపెట్టి. ఆ వాక్యం నేను రాయను."

బావ ఒంటికాలి మీద లేచాడు. "శనివారం జనం రాకపోతే సోమవారం ఈ ఆఫీసుకి తాళం. ఇది మీ అక్క సంసారం కూడా. అది గుర్తుపెట్టుకుని మాట్లాడు."

ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. సాయంత్రం అక్కకు ఫోన్ చెయ్యబోయి, పేరు దాకా వచ్చి ఆగిపోయింది. మొగుడికీ చెల్లెలికీ మధ్య దాన్ని నిలబెట్టడం ఎందుకులే అనుకుంది. మంచితనమే అనుకుంది పాపం.

శనివారం హాలు కిటకిటలాడింది. అమ్మ తన పొద్దుటి నడక బృందం ఇరవై మందినీ తీసుకొచ్చి మొదటి వరసంతా ఆక్రమించింది. వాళ్ల చేతుల్లో ఫోన్లు సిద్ధంగా ఉన్నాయి. రెండో వరసలో అక్క. గోడ మీద తెర, తెర మీద బావ వాక్యం, దాని కింద చిన్నదాని ఫోటో. ఆమె రాయనంటే, ఆయనే రాసుకుని ఆమె ముఖం అతికించాడు! అది చూసేసరికి చిన్నదానికి అరికాలి మంట నెత్తికెక్కింది. బావ నవ్వుతూ మైకిచ్చి, చదవమన్నాడు.

"ఈ వాక్యం నాది కాదు," అంది చిన్నది. "నేను చేసి చూడని పని రాయను. చేసి చూశాను కాబట్టి చెబుతున్నా. చూడండి."

తన ఫోన్ను పెద్ద తెరకు కలిపి 'వెనక్కి' నొక్కింది. గోడ మీద బండి చక్రమంత చక్రం తిరగసాగింది. హాలంతా దాన్నే చూస్తూ కూర్చుంది. ఒక నిమిషం గడిచింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు, ఆపైన నవ్వు కూడా ఆగిపోయింది.

"ఇందులో డబ్బు వెయ్యగలం, తియ్యలేం. ఇంకా మూడు నెలల పని ఉంది. ఇవాళ ఎవరూ వెయ్యకండి."

"మరి మేమెప్పుడు వెయ్యాలే?" అంది అమ్మ ముందు వరసలోంచి, బస్సు ఎన్నింటికని అడిగినట్టు.

"నేను వేసింది నా చేతికి తిరిగొచ్చాక. అదీ మీరు కొంచెమేసి, తీసి చూసుకున్నాక."

బావ దగ్గరికొచ్చి పళ్లు కొరుకుతూ అన్నాడు, "ఇక నుంచి నువ్వు ఆఫీసుకి రానక్కర్లేదు."

"వస్తాను. తీసెయ్యాలంటే కాగితం మీద తీసెయ్యండి. కారణం కూడా రాయండి. చదివి సంతకం పెడతా."

అప్పుడు అక్క లేచి నిలబడింది.

"చిన్నీ, అయితే నేను వేసింది కూడా రాదా?"

"నువ్వేం వేశావ్?" అన్నాడు బావ.

"పదకొండేళ్లు ట్యూషన్లు చెప్పి దాచుకున్నదంతా. నిన్న పొద్దున." అక్క ఆయన వంక చూడలేదు. "మీరు చెప్పారని కాదు. మీరు చాలా చెబుతారు. ఇది రాస్తోందని వేశాను."

చిన్నది మనసులో రోజులు లెక్కపెట్టుకుంది. నిన్న పొద్దున! గురువారం సాయంత్రం ఆ ఒక్క ఫోన్ చేసి ఉంటే అక్క పదకొండేళ్ల గొంతునొప్పి ఆ చక్రంలో పడేది కాదు. ఇంతమంది ముందు నిజం చెప్పిన మనిషి, చెప్పాల్సిన ఆ ఒక్కరికి మాత్రం చెప్పలేదు. మైకు కింద పెట్టేసి పారిపోదామనిపించింది. కింద పెట్టలేదు.

"ఇదీ వినండి," అంది. "దీని సంగతి నాకు గురువారమే తెలుసు. మా అక్కకి చెప్పలేదు. తప్పు నాదే."

బావ కుర్చీలో కూలబడ్డాడు. అక్క మెట్లెక్కి వేదిక మీదికొచ్చి, గోడవారన నిలబడ్డ మౌనస్వామిని అడిగింది.

"మూడు నెలల్లో అవుతుందా?"

"అవుతుందండి. ఎవరూ తొందరపెట్టకపోతే."

"సోమవారం నుంచి నేనూ ఆఫీసులో కూర్చుంటా," అంది అక్క మొగుడితో. "తాళం వేస్తే మెట్ల మీద కూర్చుంటా. నాది బయటికొచ్చేదాకా ఈ నాణెం గురించి ఇది రాసిందే చెప్పాలి, ఇంకొక్క మాట చెప్పడానికి వీల్లేదు."

బావ తలూపాడు. అక్క చెల్లెలి వైపు తిరిగింది.

"నువ్వు మాత్రం అప్పటిదాకా నాతో మాట్లాడకు."

చిన్నది సరేనంది. కళ్లు తుడుచుకుని, మైకు నోటి దగ్గర పెట్టుకుని, అందులో పనిచేసేవేవో, చెయ్యనివేవో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. ముందు వరసలో ఎవరూ లేవలేదు. ఆమె ఆపలేదు.