తనిఖీ రోజు కంబళి

నేను ఒక కంబళిని. ఈ సెంట్రల్ జైలు మగ్గాల షెడ్డులోనే పుట్టాను. నన్ను నేసినవాడు గురవయ్య, యావజ్జీవ ఖైదీ, పలాస వైపువాడు. యాభై దాటాక జైలు బడిలో అక్షరాలు దిద్దాడు. మగ్గం మీద అతని చెయ్యి ఎంత సాఫీయో, పలక మీద అంత మొరటు.

తొమ్మిదేళ్ళుగా స్టోరు గదిలో బీరువా పైఅరలో ఉంటున్నాను. చలికి వణికేవాళ్ళు ఇరవై గజాల దూరంలోనే ఉన్నా, నేనెవరినీ కప్పింది లేదు. నేను తనిఖీ రోజు కంబళిని. సందర్శకుల కమిటీ వచ్చే రోజు పొద్దున్నే నన్నూ, నా తోడబుట్టిన మరో పదకొండింటినీ దులిపి, రెండో బ్యారక్‌లో గుమ్మం దగ్గర ఖైదీలు పడుకునే సిమెంటు గట్ల మీద పరుస్తారు. పన్నెండే ఎందుకంటే, పెద్దమనుషులెవరూ పన్నెండో గట్టు దాటి లోపలికి నడవరు. అక్కణ్ణుంచి వాసన మొదలవుతుంది. కమిటీ కారు గేటు దాటగానే మళ్ళీ బీరువాలోకి. పైన పటారం, లోన లొటారం అంటారే, ఆ పటారాన్ని నేనే.

కమిటీ పెద్ద సదానందం గారు, రిటైరైన ప్రిన్సిపాల్. చెడ్డవారు కాదు. అరటిపళ్ళు తెచ్చి పంచేవారు. "ఏమైనా ఇబ్బందులున్నాయా నాయనా?" అని ప్రేమగానే అడిగేవారు, జైలరు పక్కనే నిలబడి ఉండగా. ఒకసారి ఒకడు పప్పులో పురుగుల సంగతి చెప్పాడు. కారు వెళ్ళాక వాణ్ణి పది రోజులు ఒంటరి కొట్లో పెట్టారు. ఆ తర్వాత ఎప్పుడడిగినా ఖైదీలు అంతా బాగుందనే చెప్పారు, ఆయనా సంతోషించారు. ఆయనకో అలవాటు ఉంది. ఎప్పుడూ నన్నే పరిచే మొదటి గట్టు దగ్గర ఆగి, నా కుడి మూలని రెండు వేళ్ళతో నలిపి చూసేవారు. ఏడేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

నిరుడు మాఘమాసంలో దాలయ్య అనే విచారణ ఖైదీని ఒక వార్డరు నడుం మీద లాఠీతో కొట్టాడు. కుళాయి దగ్గర వరస తప్పాడట. మూడో రోజు నుంచి మూత్రంలో నెత్తురు. పెద్దాసుపత్రికి పంపితే దెబ్బల సంగతి కాగితం మీదికి ఎక్కుతుంది కాబట్టి పంపలేదు. తనిఖీ నాడు అతన్ని వంటశాల వెనక గదిలో దాచాలనుకున్నారు. ఖైదీల జేబులు ఎలాగూ ముందే వెతుకుతారు కాబట్టి కమిటీ చేతికి చీటీ ఇచ్చే వీల్లేదు.

అంతకు ముందురోజు కుట్లు ఊడినవి సరిచేయమని మమ్మల్ని షెడ్డుకి పంపారు. గురవయ్య నన్ను ఒళ్ళో వేసుకున్నాడు. దాలయ్య పక్కనే గోడకి జారబడి కూచున్నాడు.

"ఆ ముసలాయన సెయ్యి ఈ మూలకే ఎల్తాది. కాయితం తగిల్తే ఇప్పి సూడకుండా ఉంటాడేటి?" అన్నాడు గురవయ్య.

"ఇప్పకపోతేనో, మావా?"

"సదువుకున్నోడు. ఇప్పుతాడు."

చీటీ మీద బండ అక్షరాలతో రాశాడు. "అయ్యా, దాలయ్యకి ఉచ్చలో రకతం పడతంది. వంటింటి ఎనక గదిలో దాసినారు. పెద్దాసుపత్రికి పంపండి. ఇంకా బతికున్నాడు." నాలుగు మడతలు పెట్టి నా మూలలో కుట్టేశాడు. పుట్టాక మొదటిసారి నాకో పని దొరికింది. భయమూ వేసింది, గర్వంగానూ ఉంది.

సదానందం గారు వచ్చి మూల పట్టుకున్నారు. కరకరమంది. ఆయన వేళ్ళు ఆగాయి. గట్టు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ గురవయ్య ఆ వేళ్ళకేసే చూస్తున్నాడు.

"ఏమిటిది, కరకరలాడుతోంది?"

"కొత్త సరుకు కదండీ. గంజి ఇంకా వదల్లేదు," అన్నాడు జైలరు.

ఆయన ముఖం విప్పారింది. సందర్శకుల పుస్తకంలో రాశారు: "కంబళ్ళు సరికొత్తవి ఇస్తున్నారు. అభినందనీయం." దాలయ్య ప్రాణం కోసం కుట్టిన చీటీ నా కొత్తదనానికి సాక్ష్యమైంది. నాకు నోరుంటే ఆ రోజు అరిచేదాన్ని.

దెబ్బలు తిన్న తొమ్మిదో రోజు దాలయ్య పోయాడు. శవాన్ని చూడటానికి మేజిస్ట్రేటు వస్తున్నాడని స్టోరు తలుపు తీశారు. అదీ తనిఖీయే కదా. నన్ను తెచ్చి కప్పారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. దాలయ్యకి కొత్త కంబళి కూడా వచ్చింది. నేను కప్పిన మొదటి మనిషి అతనే. వెచ్చబెట్టడానికి అక్కడేమీ మిగల్లేదు.

శవాన్ని మోసిన నలుగురిలో గురవయ్య ఒకడు. మేజిస్ట్రేటు రెండడుగుల దూరంలో ఉన్నాడు. గురవయ్య వేళ్ళు నా మూలకి వచ్చి చీటీని తడిమాయి, కుట్టు మీద గోరు ఆనించాయి. జైలరుకి చీటీ సంగతి తెలియదు. ఆ వేళ్ళు మూల దగ్గర ఆగడం మాత్రం చూశాడు.

"గురవయ్యా, గాంధీ జయంతి విడుదల జాబితాలో నీ పేరుందిరా. నా సంతకమే తరువాయి," అన్నాడు మెల్లగా.

గురవయ్యకి జైల్లో పదహారేళ్ళు నిండాయి. నా మూలని లోపలికి మడిచేశాడు. అతని మీద నాకు కోపం లేదనుకుంటాను. ఉందని కూడా అనిపిస్తుంది ఒక్కోసారి.

మేజిస్ట్రేటు వెళ్ళగానే నన్ను శవం మీంచి తీసి మళ్ళీ బీరువాలో పెట్టారు. అక్టోబరులో గురవయ్య వెళ్ళిపోయాడు. ఈ ఉదయం నన్ను మళ్ళీ దులిపి పరిచారు. కమిటీకి ఇప్పుడు కొత్త పెద్ద, ఒక లాయరమ్మ. ఆవిడ కూడా మొదటి గట్టు దగ్గర ఆగింది. నా మూల నలిపింది. కరకరమంది.

"పర్వాలేదే, కొత్తవే ఇస్తున్నారు," అని పక్క గట్టుకి వెళ్ళింది.

లోపల గురవయ్య రాత చెరగలేదు. దాలయ్య ఇంకా బతికున్నాడనే ఉంది.