పేరు పెట్టని ఏటి పీపా

ఎర్మీనియు వేలి కణుపుతో పీపా పైభాగాన తట్టాడు. బోలుగా మోగింది. నడుమన తట్టాడు, అక్కడా బోలే. మోకాళ్ళు పట్టేస్తున్నా ఒంగి, అడుగు అంచుకు కాస్త పైన తట్టాడు. అక్కడ మాత్రం కొంచెం బరువుగా పలికింది. అది వైనో, మడ్డో, తన ఆశో తెలియలేదు. బతుకంతా పీపాలు చేసి పదవీ విరమణ చేసినవాడికి పీపా చప్పుడు అర్థం కాకపోవడమంటూ ఉండదు. అర్థమైంది కాబట్టే గుండెల్లో రాయి పడింది.

ఆ పీపా జసింతాది. ఆమెకు జ్ఞానస్నానం చేయించిన నాడు ఎత్తుకుని నిలబడ్డ జ్ఞానతండ్రి ఎర్మీనియు. ఆమె అతన్ని పద్రీన్యు అని పిలుస్తుంది, అక్కడి పిల్లలందరూ జ్ఞానతండ్రిని పిలిచే పిలుపే అది. గైయాలో, దోరు నది ఒడ్డున పోర్ట్ వైన్ గిడ్డంగుల నీడలో బతికే కుటుంబాల్లో ఒక ఆనవాయితీ ఉంది. బిడ్డ పుట్టిన ఏటి వైన్ జ్ఞానతండ్రి దాచాలి, పెళ్ళికి తీయాలి. మంచి ఏడు చూసుకుని పుట్టిన బిడ్డలతో ఏ ఇబ్బందీ లేదు. పంట అద్భుతంగా వచ్చిన ఏటికి కంపెనీలవాళ్ళు పేరు పెడతారు, ఇది వింటేజ్ అని ఊరంతా చాటుతారు, సీసాల్లో నింపి, పైవైపు తెలియడానికి సున్నపు గీత గీసి పడుకోబెడతారు. జసింతా అన్న రౌల్ అలాంటి ఏడే చూసుకుని పుట్టాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ సీసాలు చూపించి మీసం దువ్వుతాడు, మీసం లేకపోయినా.

జసింతా పుట్టిన ఏడు కోతల కాలమంతా వానే. ద్రాక్ష తీగ మీదే కుళ్ళింది. ఒక్క కంపెనీ కూడా ఆ ఏటికి పేరు పెట్టలేదు. దక్కిన కాస్త వైనూ పెద్ద పీపాల్లో వేరే ఏళ్ళవాటితో కలిసి ఆనవాలు లేకుండా పోయింది.

"నువ్వు పుట్టినట్టు ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదే," అని రౌల్ చిన్నప్పుడు ఏడిపించేవాడు. ఆ పిల్ల ఏడ్చుకుంటూ పీపాల షెడ్డుకి పరిగెత్తుకొచ్చేది.

"నీదీ ఉందే పిచ్చితల్లీ. చెక్కలో నిద్రపోతోంది. నీ పెళ్ళికి లేపుదాం," అనేవాడు ఎర్మీనియు.

అబద్ధం కాదు. తను పనిచేసే కంపెనీ యజమానిని బతిమాలి ఆ ఏటి వైన్ బిందెడు తెచ్చుకుని, స్వయంగా చేసిన చిన్న పీపాలో పోసి, గిడ్డంగి మూలన పెట్టాడు. అయితే చేయవలసిన పని ఒకటి చేయలేదు. పీపాలో వైన్ చెక్కలోంచి ఏటా కొంచెం కొంచెం ఆవిరైపోతుంది. దేవదూతలు తాగిపోయారని చెప్పుకుంటారు. ఆ వెలితిని మరో వైన్‌తో నింపుతూ ఉండాలి. ఊరందరికీ పీపాలు నింపుకోమని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిన ఈ మనిషే తన పీపా దగ్గరికొచ్చేసరికి మొండికేశాడు. వేరే ఏటిది ఒక్క చుక్క పడినా అది జసింతా వైన్ కాదన్నాడు. చిన్న పీపా కదా అని దేవదూతలు జాలిపడలేదు.

ఇప్పుడు జసింతాకు ముప్పై దాటాక పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందు సంబరానికి పెళ్ళికొడుకు వాళ్ళంతా ఉత్తరాన మీన్యు నుంచి బస్సు మాట్లాడుకుని వస్తున్నారు. కంపెనీ మ్యూజియం చూస్తారు, వైన్లు రుచి చూస్తారు, ఆఖర్న జసింతా పీపా తెరుస్తారు. ఊరంతా వినేలా ఎర్మీనియు చెప్పుకున్న కార్యక్రమమే ఇది.

"మోగుతోందా?" అంటూ వెనక నుంచి అబీలియు వచ్చాడు. అతను కంపెనీలో వైన్లు రుచి చూసి కలిపే పెద్దమనిషి, ఎర్మీనియుకి బళ్ళో పక్క బెంచీ. చేతిలో మూతపెట్టిన రేకుడబ్బా ఉంది. "చాలా పాత పీపాలో వైన్‌రా ఇది. పోసెయ్. ఆ పిల్లకి తెలిసేదేంటి, మీన్యు వాళ్ళకి తెలిసేదేంటి?"

"నాకు తెలుస్తుందిగా."

"తెలిస్తే నోరు మూసుకో. ఆ పీపా తాగేసింది దేవదూతలు కాదురా, నీ మొండితనం."

డబ్బా పీపా వెనక పెట్టి అబీలియు వెళ్ళిపోయాడు. ఎర్మీనియు దాన్ని పీపాలో పోయలేదు. అలాగని తీసి అవతల పెట్టనూ లేదు. మనిషి అంత గట్టివాడేం కాదు.

బస్సు దిగినవాళ్ళలో మొదట కనిపించింది పెళ్ళికొడుకు వాస్కు కాదు, అతని తల్లి కుస్తోదియా. మెడలో బంగారు హారాలు పొరలు పొరలుగా, చెవులకు పెద్ద బంగారు లోలకులు. మీన్యులో ఆమెకు సొంత ద్రాక్షతోటలున్నాయి, వాటిలో పండే పుల్లటి పచ్చ వైన్ తప్ప భూమ్మీద ఇంకో వైన్ లేదని ఆమె అభిప్రాయం. వాస్కు ఆవిడ వెనక నుంచి తల బయటపెట్టి జసింతాను చూసి నవ్వాడు.

మ్యూజియంలో వచ్చినవాళ్ళకు అన్నీ చూపించి చెప్పేది జసింతాయే. ఆ రోజు ఆమెకు నోరు తెరిచే అవకాశం దొరకలేదు. ఎప్పుడూ నాలుగు ముక్కలకు మించి మాట్లాడని ఎర్మీనియు ప్రవాహంలా మొదలుపెట్టాడు. బాడిస చూపించాడు. ఇనుప కట్లు చూపించాడు. పీపా పలకను నిప్పు మీద ఎలా వంచాలో చెప్పి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. నది మీద పీపాలు మోసుకొచ్చిన పాత పడవ బొమ్మ దగ్గర దాని తెరచాప తాళ్ళు ఒక్కొక్కటే పట్టి వివరించాడు. ఎంత ఆలస్యమైతే అంత మేలు. బస్సు వేళ మించిపోతే పీపా సంగతి ఎవరికీ గుర్తుండదని అతని ఆలోచన.

"ఏమయ్యా," అంది కుస్తోదియా, "మమ్మల్ని సంబరానికి పిలిచారా, పీపాలు చేయడం నేర్పడానికి పిలిచారా? ఆ పలకేదో ఇలా ఇవ్వు, నేనే వంచేస్తాను."

అందరూ నవ్వారు. ఎర్మీనియు పట్టుకున్న తాడు వదిలేశాడు. జసింతా అతని వైపు ఒకసారి చూసి, అందరినీ రుచి చూసే హాల్లోకి నడిపించింది.

అక్కడ ఉప్పుచేప వడలు, జున్ను, వేయించిన బాదం పప్పులు సిద్ధంగా ఉన్నాయి. జసింతా అమ్మానాన్నలు, రౌల్ అక్కడే ఎదురుచూస్తున్నారు. అబీలియు తెల్ల పోర్ట్ పోశాడు. కుస్తోదియా గ్లాసు ఎత్తి చూసి పెదవి విరిచింది.

"ఇంతేనా? కంట్లో వేసుకోవడానికా? మా ఇంట్లో పింగాణీ గిన్నెల్తో తాగుతాం."

"ఇది మెల్లగా తాగాలమ్మా," అన్నాడు అబీలియు. "మీ పచ్చ వైన్ లాంటిది కాదు. కాళ్ళ మీద కొడుతుంది."

"కొండలెక్కి దిగిన కాళ్ళు నావి. పొయ్." ఒక్క గుక్కలో ఖాళీ చేసి పెదాలు చప్పరించింది. "తియ్యగా దగ్గుమందులా ఉంది. మా అత్తకి జలుబు చేస్తే ఇదే పోసేదాన్ని. పాపం, జలుబు తగ్గేది కాదు, ఇంకో చెంచా అడిగేది."

ఎర్మీనియుకి ప్రాణం లేచొచ్చింది. ఇదే దారి. వీళ్ళని బాగా తాగిస్తే పీపా కాదుగదా, పెళ్ళి సంగతే మర్చిపోతారు. అబీలియు చేతిలోంచి సీసా లాక్కుని తనే పోయడం మొదలుపెట్టాడు. ఎర్రది పోశాడు, పీపాల్లో ముదిరిన గోధుమరంగుది పోశాడు. గ్లాసు దించిన పాపానికి మళ్ళీ నింపాడు. వాస్కు మేనమామ బెంచీ మీద ఒరిగి గుర్రు పెట్టాడు. అతని పిన్నులు తమ ఊరి పాట ఎత్తుకున్నారు. కుస్తోదియా చెప్పులు విడిచి, అబీలియు చేయి పట్టి బల్లల మధ్య గిరగిరా తిప్పింది. పాపం అబీలియు, కాళ్ళ మీద కొడుతుందని హెచ్చరించినవాడే ముందు కూలబడ్డాడు. హాలంతా విరగబడి నవ్వింది. ఎర్మీనియు కూడా నవ్వాడు, గండం గడిచిందనుకుని.

అప్పుడు రౌల్ లేచాడు. చంకలో సున్నపు గీత ఉన్న సీసా.

"ముందు నాది రుచి చూడండి. ఇదీ ఏడంటే! ఆ తర్వాత మా చెల్లి పుట్టిన ఏడుందే, అది గాలి పీల్చుకుని సరిపెట్టుకోండి."

సరదాగానే అన్నాడు. కానీ జసింతా ముఖంలో రంగు మారడం ఎర్మీనియు చూశాడు. ఆమె వెంటనే నవ్వింది, పెద్దయ్యాక నేర్చుకున్న నవ్వు అది.

"అవునూ!" కుస్తోదియా చప్పట్లు చరిచింది. "నా కోడలి పీపా ఏదీ? అది చూడకుండా నేను బస్సెక్కను. లేవండి, లేవండి! ఆ గుర్రు పెట్టేవాడి మీద నీళ్ళు చల్లండి."

మందు తాగితే మనుషులు మర్చిపోతారని ఎవరు చెప్పారో గాని, కుస్తోదియాకు అన్నీ గుర్తొచ్చాయి. గుంపంతా పాట పాడుకుంటూ గిడ్డంగిలోకి నడిచింది. పెద్ద పెద్ద పీపాల వరుసలు దాటి, మూలనున్న చిన్న పీపా ముందు ఆగింది. ఎర్మీనియు అందరికంటే ముందు చేరి దానికి అడ్డంగా నిలబడ్డాడు. మడమకు రేకుడబ్బా తగిలింది. ఇప్పుడైనా ఏదో సాకు చెప్పి అందరినీ కాసేపు బయటికి పంపవచ్చు. నోరు తెరిచాడు. ఎదురుగా జసింతా ఉంది. సాకు రాలేదు.

"ఒక్క మాట," అన్నాడు. "ఇందులో ఏమీ లేకపోవచ్చు. ఇన్నేళ్ళూ ఉంది, ఉంది అని చెప్పాను. నింపాల్సింది, నింపలేదు. వేరేది కలపబుద్ధి కాలేదు. పీపాలు చేసేవాణ్ణి, నాకు తెలియక కాదు. నాదే తప్పమ్మా."

పాట ఆగిపోయింది.

"తెలుసు పద్రీన్యు," అంది జసింతా.

"ఏం తెలుసు?"

"రోజూ వచ్చినవాళ్ళకి దేవదూతల కథ చెప్పేది నేనే కదా. పొద్దున్నే తాళం తీసి ముందు ఇక్కడికొచ్చే తడతాను. చప్పుడు దిగిపోతూనే ఉంది."

"మరి నింపమని ఒక్కసారైనా అడగలేదేమే?"

"అడిగితే నువ్వు కాదనలేవు. నింపేస్తావని భయమేసింది." ఆమె అతన్ని దాటి పీపా మీద చేయి వేసింది. "ఊళ్ళో ఎవరికీ అక్కర్లేని ఏడు నువ్వొక్కడివే దాచావు. ఎంతుంటే అంతే నాది. ఏమీ లేకపోతే వట్టి పీపా తీసుకెళ్తాను. ఇంతకీ ఆ డబ్బా ఏంటి?"

"నాది, నాదే," అన్నాడు అబీలియు కుంటుకుంటూ ముందుకొచ్చి. "దాహమేస్తే తెచ్చుకున్నా." డబ్బా ఎత్తుకుని తన వెనక దాచుకున్నాడు. ఎవరూ నమ్మలేదు, ఎవరూ ఏమీ అనలేదు.

ఎర్మీనియు చెక్క సుత్తితో బిరడా చుట్టూ తట్టి లాగాడు. వైన్ పైకి తీసే గాజు గొట్టం దింపాడు. దిగుతూ దిగుతూ పోయి అడుగున తగిలింది. పైకి తీస్తే తడి తప్ప ఏమీ లేదు. రౌల్ ఏమంటాడోనని అందరూ అతని వైపు చూశారు. రౌల్ తన సీసా నేల మీద పెట్టేసి పీపాకు ఒక పక్క చేయి వేశాడు.

"వాస్కూ, నువ్వా పక్క పట్టు. మెల్లగా. కదిలితే మడ్డి లేస్తుంది."

ఇద్దరూ పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి వంచారు. ఎర్మీనియు గ్లాసు పట్టాడు. కాఫీ డికాక్షన్ రంగులో, అంచున ఆకుపచ్చ మెరుపుతో, పాకంలా చిక్కగా ఒక ధార వచ్చింది. సన్నబడింది. చుక్కలైంది. ఆగిపోయింది. ఒక్క గ్లాసు, అంతే. కాని ఆ వాసనకు గిడ్డంగిలో గుంపు మొత్తం ఒక్కడుగు ముందుకు వేసింది. కాల్చిన బెల్లం, అక్రోటు, ఎండిన నారింజ తొక్క, ఇంకా పేరు తెలియనివి ఏవేవో అందులో ఉన్నాయి.

"పెళ్ళికూతురికి," అన్నాడు ఎర్మీనియు తల వంచుకుని. ఇంతమంది జనానికి ఒక్క గ్లాసు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

జసింతా పెదాలు తడుపుకుని కళ్ళు మూసుకుంది. కాసేపు తెరవలేదు. తెరిచాక గ్లాసు ఎడమ పక్కనున్న వాస్కుకు ఇచ్చింది. వాస్కు నాలుక మీద ఒక్క చుక్కే వేసుకున్నాడు. తర్వాతిది కుస్తోదియా వంతు. పొద్దున్నుంచి ఆవిడ దేన్నీ రెండో గుక్క దాకా రానివ్వలేదు. ఆవిడ చేతిరుమాలుతో మూతి తుడుచుకుంది. రెండు చేతులతో గ్లాసు అందుకుని, పెదవి తాకీ తాకనట్టు తాకించి, మాట్లాడకుండా పక్కకు ఇచ్చింది. ఆవిడ మాట్లాడకపోవడం ఆ రోజు అదే మొదలు.

గ్లాసు చేయి మారుతూ వెళ్ళింది. పిన్నుల దగ్గరికి, నిద్రలేచిన మేనమామ దగ్గరికి, జసింతా అమ్మానాన్నల దగ్గరికి. అబీలియు నాలుక మీద తిప్పుకున్నాడు. ఏ వైనైనా రుచి చూసి ఉమ్మడమే అతని ఉద్యోగం, దీన్ని మాత్రం మింగాడు. రౌల్ తాగి, చెల్లెలి దగ్గరికి వెళ్ళి, తల మీద గట్టిగా ముద్దు పెట్టుకున్నాడు.

ఆఖరికి గ్లాసు ఎర్మీనియు చేతికొచ్చింది. ఇన్నేళ్ళలో అతను దాని రుచి ఎరగడు. ఖాళీ గ్లాసు వాసన చూసినా చాలనుకుని కిందికి చూశాడు. గ్లాసులో ఇంకా ఒక నిండు గుక్క ఉంది.

తలెత్తి చూశాడు. ఎవరికి వాళ్ళు పీపాలు లెక్కపెడుతున్నట్టు, పైకప్పు చూస్తున్నట్టు నటిస్తున్నారు.

"చూస్తావేమయ్యా, తాగు," అంది కుస్తోదియా ముక్కు ఎగబీలుస్తూ. "మేమంతా ఇంత కష్టపడి నోరు కట్టుకుంది ఎవరికోసం అనుకున్నావు?"

ఎర్మీనియు తాగాడు. బాగుందని చెప్పబోయాడు గాని ఏడుపు ముందొచ్చింది. ఇంతమందిలో చిన్నపిల్లాడిలా వెక్కుతూ, జసింతా భుజం పట్టుకుని, "బాగుందే, చాలా బాగుందే," అన్నాడు.