ఒక్క చెవి ఫొటో

ఇరవై ఆరేళ్లుగా ఆయన చేసిన పని ఒక్కటే. అర్జీల ఆఫీసు పక్కనున్న ఇరుకు గదిలో మనుషుల్ని స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక తెల్లగుడ్డ సర్ది, "గడ్డం కొంచెం దించండి, రెండు చెవులూ కనబడాలి, నవ్వకండి" అని చెప్పి కెమెరా నొక్కడం. చెవి కనబడకపోతే ఆఫీసువాళ్లు ఫొటో తిప్పికొడతారు. అందుకని ఆ వీధంతా ఆయన్ని చెవులాయన అనే పిలిచేది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆ పనంటే ఆయనకు విసుగు పుట్టింది. ఒళ్లు అలిసిపోతే పడుకుంటే పోతుంది. ఇది కళ్లకు పట్టిన అలసట. సాయంత్రమయ్యేసరికి ఎదుటి మనిషిలో రెండు చెవులూ ఒక గడ్డం తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. పెళ్లికి ముందు అరువు కెమెరా మెళ్లో వేసుకుని, కనిపించినవన్నీ తీస్తూ కాళ్లరిగేలా వీధులు తిరిగిన మనిషే ఆయన. ఆ చూపు ఇంకా ఉందా, పోయిందా? కొన్నాళ్లుగా ఈ ఒక్క ప్రశ్న ఆయన్ని లోపల్లోపల తినేస్తోంది.

ఒక మధ్యాహ్నం షట్టరు సగం దించి, పాత కెమెరాలు బాగుచేసి అమ్మే మెకానిక్ దగ్గరికి వెళ్లాడు.

"రోజూ జేబులో పడి ఉండేది కావాలి, అన్నా. చిన్నది. వీధిలో ఎవరూ పట్టించుకోనిది."

మెకానిక్ మూడు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిది ఎంత దూరాన్నైనా దగ్గరికి లాగుతుంది గానీ, మీట నొక్కగానే కీచుమంటూ ముక్కు చాపుతుంది. "దీన్ని తీస్తే వీధి వీధంతా నా వైపే తిరుగుతుంది" అని పక్కన పెట్టేశాడు చెవులాయన. రెండోది నిద్రలేవడానికే మూడు సెకన్లు తీసుకుంది. ఈలోగా మనిషి మలుపు తిరిగిపోతాడు. మూడోది అరచేతిలో ఇమిడే నల్ల కెమెరా. లెన్సు కదలదు, చప్పుడు చెయ్యదు. దగ్గరగా కావాలంటే మనమే నడిచి వెళ్లాలి.

"మోకాళ్లు ఒప్పుకుంటాయా?" అన్నాడు మెకానిక్.

"అవి దేనికీ ఒప్పుకోవు. అడగడం మానేశాను."

"అయితే ఓ వారం వాడి చూడు. నచ్చకపోతే తెచ్చి ఇచ్చెయ్."

దారిలోనే ఆయన తనకు తాను షరతు పెట్టుకున్నాడు. వారంలో ఒక్క మంచి ఫొటో వస్తే ఉంచుకోవాలి. రాకపోతే ఈ ఊసు ఈ జన్మలో ఎత్తకూడదు.

వారమంతా తీశాడు. బస్టాపులో, కూరల బజారులో, చెప్పులు కుట్టేచోట. ఆయన భార్య పక్క వీధిలో దర్జీ షాపులో కాజాలు కుడుతుంది. సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సులో ఇంటికెళ్తారు. ఆ బస్సులోనూ తీశాడు.

వారం దాటగానే మెకానిక్ ఆ ఫొటోలు తెర మీద పెట్టి చూశాడు. పదో ఫొటోకి ఇక ఆపుకోలేక పకపకా నవ్వాడు.

"ఏమోయ్, వీధి మొత్తాన్నీ స్టూలెక్కించావా?"

నిజమే. పళ్లమ్మే ఆవిడ నిటారుగా కూర్చుంది. చెప్పులు కుట్టేవాడు సూది పక్కన పెట్టి మరీ ఎదురుగా చూస్తున్నాడు. అందరూ సరిగ్గా మధ్యలో, గడ్డం దించి, రెండు చెవులతో. నోరు తెరవకపోయినా చెవులాయన ఎడమచెయ్యి గాల్లోకి లేచి, అలవాటు కొద్దీ సైగ చేసేసింది. జనం కూడా పాపం చెప్పినట్టే దించారు. ఆఖరికి గోడ మీది పిల్లి కూడా రెండు చెవులూ నిక్కించి తిన్నగా చూస్తోంది.

చెవులాయన నవ్వబోయాడు. రాలేదు. ఉన్న ఆ కాస్త చూపూ పోయిందన్నమాట అనుకున్నాడు.

"ఆగాగు" అన్నాడు మెకానిక్. ఈసారి నవ్వలేదు.

తెర మీద బస్సు కిటికీ. అద్దానికి తల ఆన్చి ఒకాయన నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుంది, కళ్లద్దాలు ఒరిగిపోయాయి, ఒక్క చెవే కనబడుతోంది. ఒళ్లో చేతులు వెల్లకిలా పడి ఉన్నాయి. అద్దం అవతల, పక్కన ఆగిన బస్సులో ఇంకొకాయన అచ్చం అలాగే తల వాల్చేశాడు.

"ఇదోయ్ ఫొటో అంటే! ఎవరు తీశారు?"

నిద్రపోతున్నది తానేనని గుర్తుపట్టడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. ఇంతగా అలిసిపోయానా అనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది. మొన్న నిద్ర ముంచుకొస్తుంటే, పడిపోకుండా పట్టుకోమని కెమెరా భార్య చేతికిచ్చాడు.

"మా ఆవిడ" అన్నాడు.

ముందు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల తన అనుభవమెక్కడ, కాజాలు కుట్టే ఆ చెయ్యెక్కడ! కానీ ఒళ్లో పడి ఉన్న ఆ చేతుల్ని చూసేకొద్దీ మంట చల్లారింది. తానెంత అలిసిపోయాడో ఆమె రోజూ చూస్తూనే ఉంది. ఆయన ఎప్పుడూ చెప్పలేదు, ఆమె ఎప్పుడూ అడగలేదు.

"కెమెరా ఉంచుకుంటాను, అన్నా" అన్నాడు.

సాయంత్రం బస్సులో దాన్ని ఆమె ఒళ్లో పెట్టాడు.

"ఇదేంటండీ, మీది కదా?"

"నీదే. నువ్వు తీసింది చూశాను."

ఆమె కంగారుపడింది. "ఊరికే నొక్కానండీ. మిమ్మల్ని లేపబుద్ధి కాలేదు. చెవి కూడా ఒకటే పడింది, కదా?"

"ఒకటి చాల్లే" అన్నాడు. కళ్లద్దాలు తీసి, కెమెరా కోసం ఖాళీగా ఉంచుకున్న జేబులో పెట్టుకున్నాడు. తల కిటికీకి ఆన్చాడు. "నువ్వు చూస్తూ ఉండు. నేను కాసేపు పడుకుంటాను."