సగం చదువు, నిండు పియాలా

మా తోటికోడలు సైకాల్ ఈసారి యూనివర్సిటీలో ఆరు సబ్జెక్టులకు బదులు మూడే తీసుకుంటానంటే మా అత్తగారు తెగ సంబరపడిపోయింది. కోడలి మీద ప్రేమ అనుకునేరు! ఐదో నెల కడుపుతో పిల్ల క్లాసులోనే కళ్లు తిరిగి పడిపోతే, డాక్టరమ్మ విశ్రాంతి తీసుకోమంది, డీన్ ఆఫీసువాళ్లు సగం భారం తగ్గించారు. ఒక్కటే షరతు. ఆ మూడింటిలో ఏది తప్పినా సీటు పోతుంది.

"అయితే సగం రోజులు ఇంట్లోనే ఉంటావన్నమాట," అంది అత్తగారు.

"పడుకోమన్నారత్తయ్యా."

"పడుకో తల్లీ, ఎవరొద్దన్నారు? ఈలోగా మీ మామయ్యగారి అక్కలు నిన్ను చూసిపోతామంటున్నారు."

బిష్కెక్‌లో ఒక కోడలు ఖాళీగా ఉందన్న కబురు బస్సు కంటే ముందు కొండల్లోని మామగారి ఊరు నారిన్ చేరుతుంది. మామగారి అక్కలు, వాళ్ల వియ్యపురాళ్లు, ఆ వియ్యపురాళ్ల ఇరుగుపొరుగు వరసపెట్టి కొండ దిగారు. ఒకావిడకి పళ్లు చూపించుకోవాలి, ఇంకొకావిడకి బజార్లో కోటు కొనుక్కోవాలి. అందరికీ టీ మాత్రం సైకాలే పొయ్యాలి. నేను పళ్ల ఆస్పత్రిలో నర్సుని కాబట్టి పొద్దున్నే తప్పించుకుంటాను. ఆ ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన సంగతి అదే.

టీ పొయ్యడమంటే ఒకసారి పోసి ఊరుకోవడం కాదు. మా దగ్గర పియాలా అనే చిన్న గిన్నెలో సగమే పోస్తారు. సగం పోస్తే ఇంకాసేపు కూర్చోండి, మళ్లీ పోస్తాను అని. అంచుదాకా నింపితే తాగేసి బయల్దేరండి అని. పగవాళ్లకి కూడా అలా ఎవరూ పొయ్యరు. అందుకని వచ్చినవాళ్లు గుక్కెడు తాగి పియాలా చాపుతూనే ఉంటారు, కోడలు పోస్తూనే ఉంటుంది. సైకాల్ టీ నీళ్లు కాగే సమోవర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఒళ్లో చున్నీ కింద స్టాటిస్టిక్స్ పుస్తకం దాచుకుని, పోసి పోసి పాలిపోయింది. ఆరు సబ్జెక్టులున్నప్పుడే నయం, కనీసం కుర్చీలో కూర్చునేది.

పరీక్ష ముందురోజు నాకు సెలవు. మధ్యాహ్నం చూద్దును కదా, గదినిండా జనం. నాకు ఒళ్లు మండిపోయింది.

"అత్తయ్యా, రేపు దాని పరీక్ష. ఈ ఒక్కపూటా వదిలెయ్యండి," అన్నాను.

అత్తగారు నోరు విప్పేలోపే, మామగారి పెద్దక్క కనిష్‌బూబు నూనెలో వేయించిన వేడి వేడి బోర్సోక్ ముక్కని జామ్‌లో ముంచుతూ అందుకుంది. "ఇంతోటి చదువుకి ఇంత హడావిడా? సగం చదువుకి సగం పరీక్షే పెడతార్లే. నేను కడుపుతో ఉండి గుర్రాల పాలు పితికాను, నాకెవరు తగ్గించారు? పొయ్యవే పిల్లా!"

అందరూ పకపకా నవ్వారు. ఆవిడ పియాలా చాపింది.

సైకాల్ పోసింది. సగం దాటినా ఆపలేదు. అంచుదాకా నింపి, తలవంచి, రెండు చేతులతో ఎంతో మర్యాదగా అందించింది. తర్వాత పక్కావిడకి. ఆ తర్వాత ఆ పక్కావిడకి. ఒక్క చుక్క ఒలకలేదు.

కనిష్‌బూబు పియాలా వంక చూసింది, మా అత్తగారి వంక చూసింది. తాగకుండానే కింద పెట్టి, అరచేతులతో మొహం తుడుచుకుని "ఓమిన్" అని విందు ముగించి లేచింది. మిగతావాళ్లూ లేచారు. గుమ్మం దగ్గర బూట్ల కోసం ఒకరినొకరు తోసుకున్నారు.

"నా పరువు బజారుకీడ్చావు కదే!" అంది అత్తగారు.

"యూనివర్సిటీవాళ్లు దించిన బరువే మీరు మళ్లీ నెత్తికెత్తారత్తయ్యా. నేను మోయలేను," అంది సైకాల్. చున్నీ తీసేసి పుస్తకం బాహాటంగా తెరిచింది.

అత్తగారు పియాలా నావైపు చాపింది. "నువ్వైనా పొయ్యి."

పోశాను. అంచుదాకా.

ఆవిడ ఎక్కడికి పోతుంది, ఇల్లు ఆవిడదే. కాసేపు ఆ నిండు పియాలానే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, ఎంగిలి పియాలాలన్నీ ఏరుకుని వంటింట్లోకి వెళ్లింది. నేను ఈ ఇంటికి వచ్చాక ఆవిడ గిన్నెలు కడిగిన చప్పుడు వినడం అదే మొదలు. సైకాల్ తలెత్తలేదు, లెక్క చేసుకుంటోంది.

ఆ మూడు సబ్జెక్టులూ గట్టెక్కింది. నారిన్ నుంచి మాత్రం ఆ తర్వాత ఎవరూ రాలేదు. అక్కడ అందరి పళ్లూ ఒక్కసారిగా బాగుపడిపోయాయి.