అజ్మత్ అలీ కుట్టిన దొంగ జేబు

పంజగుట్టలో అజ్మత్ అలీ కోటు కుట్టాడంటే ఒంటికి అతికినట్టుండేది. అయినా గల్ఫ్ వెళ్లేవాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేది కోటు కోసం కాదు, దాని అస్తరు వెనక కుట్టే దొంగ జేబు కోసం. డబ్బు లోపల పెట్టి నోరు కుట్టేశాడంటే కట్టుకున్న పెళ్లానికి కూడా ఆచూకీ దొరకదు.

ఆ విద్య ఆయనకు ఊరికే అబ్బలేదు. వయసులో ఉండగా జెద్దాలో కుట్టుపని చేసి తిరిగొస్తూ, విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు అడిగిన పాపానికి ఉన్నదంతా బల్లమీద పరిచాడు. చెల్లెలి పెళ్లికని తెచ్చిన గడియారం అక్కడే ఎవరి చేతికో ఎక్కింది. అలాంటిచోట నిజం చెప్పేవాణ్ణి మించిన వెర్రివాడు లేడని అప్పట్నుంచి ఆయన నమ్మకం.

ఇప్పుడు కూతురు ఉమైరా కెనడాలో స్థిరపడటానికి వెళ్తోంది. ఊరంతా సాఫ్ట్‌వేర్ మోజులో ఉన్న రోజులవి. అమీర్‌పేట మైత్రీవనంలో పొద్దున ఒక బ్యాచికీ, సాయంత్రం ఒక బ్యాచికీ గొంతు బొంగురుపోయేలా ఒరాకిల్ పాఠాలు చెప్పి కూడబెట్టిన పదకొండు వేల డాలర్లు వెంట తీసుకెళ్తోంది. అది కాస్తా పోతే పిల్ల పరాయి దేశంలో ఏం తింటుంది? అజ్మత్ అలీకి నిద్ర పట్టడం మానేసింది.

పదివేల డాలర్లు దాటితే దిగగానే అక్కడి కస్టమ్స్ వాళ్లకు చెప్పాలని, చెబితే ఒక్క డాలరు కూడా తీసుకోరని, దాస్తేనే లాక్కుంటారని ఉమైరా నచ్చజెప్పి చూసింది. బండరాయికి చెప్పినట్టే అయింది. పైగా ఆడపిల్ల సంపాదన పైకి చెబితే నజర్ తగులుతుందని ఆయన భయం. పక్క జిరాక్స్ షాపు రాజనర్సయ్య, బిడ్డ ఎంత పట్టుకుపోతోందని నెలరోజులుగా గుచ్చి గుచ్చి అడుగుతున్నా, అంతా అల్లా దయ అని మాట దాటేస్తున్నాడు. చెప్పుకోవాలని తన నాలుకా దురద పెడుతూనే ఉంది, పాపం.

బయల్దేరే రోజు తండ్రి ఆమెకు కుట్టిన కోటు దొంగ జేబులో డబ్బు పెట్టి, తన చేత్తోనే నోరు కుట్టాడు. ఉమైరా ఆ కోటు తొడుక్కుంది. నోరు మూసుకుంటానని మాత్రం మాటివ్వలేదు.

ఆమె చేరిన మర్నాడు పొద్దున్నే షాపుకు ఫోన్ వచ్చింది. దిగగానే అధికారులకు అంతా చెప్పేశానంది. అజ్మత్ అలీ మిషను ముందు స్టూలు మీద కూలబడ్డాడు. అయిపోయింది, గడియారం పోయినట్టే అన్నీ పోయాయనుకున్నాడు.

ఉమైరా మాత్రం నవ్వుతోంది. తీసి చూపించమంటే జేబు కుట్టు ఒక పట్టాన ఊడలేదట. గోటితో లాగింది, పంటితో లాగింది, లాభం లేకపోయింది. చివరికి అధికారిణి కత్తెర తెప్పించి, కుట్టు చూడమని ఇంకో ఇద్దర్ని పిలిచిందట. ఎవరు కుట్టారని అడిగితే మా నాన్న అని చెప్పిందట. డబ్బు లెక్కబెట్టి తిరిగి ఆమె చేతికే ఇచ్చారు.

"ఏం తీసుకోలేదా బేటీ?"

"ఒక్కటి సుత ముట్టలే, అబ్బాజాన్. ఎవరి పైసలని అడిగిన్రు. నావే, నేను పాఠాలు చెప్పి కమాయించిన అని చెప్పిన. గట్ల చెప్పుకునే మోకా మీరెప్పుడన్న ఇచ్చిన్రా?"

అజ్మత్ అలీ ఫోన్ పెట్టేశాడు. సిగ్గేసింది. ఆ సిగ్గుని తోసేసుకుంటూ, ఇన్నాళ్లూ అదిమిపెట్టిన గర్వం పైకి తన్నుకొచ్చింది. లేచి బయటికొచ్చాడు. రాజనర్సయ్య షట్టరు ఎత్తుతున్నాడు. ఇవాళ పాపం ఆయన ఏమీ అడగలేదు.

"రాజన్నా, పదకొండు వేల డాలర్లు. నా బిడ్డ సొంతంగ కమాయించింది" అన్నాడు అజ్మత్ అలీ, ఎదురుగా బస్‌స్టాపులో జనం తల తిప్పి చూసేంత గట్టిగా.

రాజనర్సయ్య కంగారుపడి అటూ ఇటూ చూశాడు. "జర మెల్లగ భాయ్, ఎవరన్న ఇంటరు."

"ఇననీ అన్నా" అన్నాడు అజ్మత్ అలీ.