ములెంగా గోలు, మేడమ్ విజిల్

ములెంగాకి కోపం ముక్కు మీదే ఉంటుంది. జాంబియాలో పుట్టి, దక్షిణాఫ్రికాలో, ఫిన్లాండ్‌లో గోల్స్ కొట్టి, ముప్ఫయ్యో ఏట అమెరికాలోని మిషిగన్ వచ్చి నోవై ఊరి ఫుట్‌బాల్ జట్టులో చేరాడు. కాళ్లలో ఎంత నేర్పుందో నోట్లో అంత దురుసుంది. రిఫరీతో గొడవపడటం, ఎర్రకార్డు చూపించుకుని బయటికి నడవడం ఈ సీజన్‌లో ఇప్పటికే మూడుసార్లయింది. ఆఖరి మ్యాచ్ ముందు కోచ్ పిలిచి తెగేసి చెప్పాడు: శనివారం ఇంకో గొడవ జరిగిందా, కాంట్రాక్ట్ రెన్యూ చేయం. కాంట్రాక్ట్ లేకపోతే వీసా లేదు. వీసా పోవడమంటే ఏమిటో అతనుండే అపార్ట్‌మెంట్లలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ గోడంతా అతను పై అంతస్తు లక్ష్మీకాంతం దగ్గర వెళ్లబోసుకున్నాడు. ఆవిడ కావలి హైస్కూల్లో ముప్ఫై రెండేళ్లు గేమ్స్ మేడమ్‌గా చేసి రిటైరై, ఆర్నెల్లుండి పోదామని కూతురు అలేఖ్య దగ్గరికొచ్చింది. వచ్చిన వారానికే, గంతులేస్తూ మెట్లెక్కుతున్న ములెంగాని ఆపి, ఎడమ మోకాలు లోపలికి పోతోందని పట్టేసింది. ఏ దేశంలో ఏ ట్రైనరూ పట్టని తప్పది. అప్పట్నుంచి అతనికీ ఆవిడ మేడమే. ఆవిడ ఇంగ్లీషూ అతని ఇంగ్లీషూ ఎలాగో సర్దుకుపోయాయి. రోజూ పొద్దున కొలను చుట్టూ ఇద్దరూ నడుస్తారు. తప్పు చేసిన పిల్లల చేత చెవులు పట్టించి గుంజీళ్లు తీయించిన కబుర్లన్నీ ఆవిడ చెబుతుంటుంది. దారికడ్డంగా కూర్చునే బాతుల్ని లేపడానికి ఆవిడ మెడలో గొలుసుతోపాటు స్కూలునాటి విజిల్ కూడా వేలాడుతుంది. అది ఊదితే బాతులే కాదు, పార్కింగ్‌లో కార్లు కూడా ఆగిపోతాయి.

"రిఫరీ తప్పు చేస్తే ఏం చెయ్యను మేడమ్?" అని అడిగాడు శుక్రవారం.

"నోరు మూసుకో అబ్బయ్యా."

"నిజంగానే తప్పయితే?"

"అప్పుడింకా గట్టిగా మూసుకో."

శనివారం స్టేడియంలో మూడువేల మందున్నారు. పట్టుచీర మీద కూతురి చలికోటు తొడుక్కుని, కాళ్లకి స్పోర్ట్స్ షూస్ వేసుకుని, అలేఖ్య పక్కన మూడో వరసలో కూర్చుంది లక్ష్మీకాంతం. ఎనభై నిమిషాలైనా ఎవరూ గోల్ కొట్టలేదు. అంతలో ములెంగాకి బంతి దొరికింది. ఒకణ్ణి దాటాడు. రెండోవాణ్ణి దాటాడు. మూడోవాడు వెనకనుంచి వచ్చి కాలడ్డం పెట్టాడు.

ముప్ఫై రెండేళ్ల అలవాటు చెప్పి రాదు కదా! విజిల్ నోట్లోకి ఎప్పుడెళ్లిందో ఆవిడకే తెలీదు. చెవులు చిల్లులు పడేలా ఊదేసింది.

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. గోల్‌కీపర్ నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. తూలి నిలదొక్కుకున్న ములెంగా ఒక్కడే ఆగకుండా వెళ్లి బంతిని నెట్‌లోకి తన్నాడు. రిఫరీ తల అడ్డంగా ఊపాడు. విజిల్ జనంలోంచి వచ్చింది, ఆటగాళ్లు ఆగిపోయారు, కాబట్టి గోల్ చెల్లదు.

"అమ్మా! ఏం చేశావమ్మా!" అంది అలేఖ్య.

లక్ష్మీకాంతానికి తను చేసిన పని అప్పుడు అర్థమైంది. పిల్లవాడి నోటి దగ్గర కూడు తన చేత్తోనే లాగేసింది. అవతల ములెంగా కళ్లెర్రజేసుకుని రిఫరీ మీదికి వెళ్తున్నాడు. కోచ్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మైదానంలోని పెద్ద తెర మీద ఆవిడ ప్రత్యక్షమైంది. పట్టుచీర, చలికోటు, నోట్లో ఇంకా ఆ విజిల్. దొంగ దొరికిందని జనం గోల చేశారు. ములెంగా తలెత్తి చూశాడు.

"నాదే తప్పబ్బయ్యా! నేనే ఊదినా!" అని నోట్లోంచి విజిల్ వదిలేసి అరిచింది. ఆ గోలలో ఎవరికి వినపడుతుంది? ఇక మాటలతో పని కాదనుకుంది. మెడలోంచి విజిల్ తీసి కూతురి చేతికిచ్చి, కుర్చీ ముందు నిలబడి, చేతులు అడ్డంగా మార్చి చెవులు పట్టుకుని గుంజీళ్లు మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. అరవై ఆరేళ్ల మోకాళ్లు పటపటమన్నాయి. నాలుగోదానికి వెనక వరస కాలేజీ పిల్లలు అదేదో కొత్త డ్యాన్సనుకుని చెవులు పట్టుకున్నారు. పదోదానికి స్టాండ్ మొత్తం లేస్తోంది, కూర్చుంటోంది. సిగ్గుతో మొహం కప్పుకున్న అలేఖ్య కూడా చివరికి లేచి చెవులు పట్టుకుంది.

తిట్టడానికి తెరిచిన ములెంగా నోట్లోంచి నవ్వొచ్చింది. ఆపుకోలేక గడ్డిమీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. రిఫరీ జేబుదాకా వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకుని, తనూ నవ్వాడు.

మ్యాచ్ గోల్స్ లేకుండానే ముగిసింది. ములెంగా కోచ్‌తో రెండు మాటలు మాట్లాడి, కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్! ఇంకో రెండేళ్లు! ఇప్పుడే చెప్పాడు!"

"గోల్ పోయింది కదా నాయనా," అంటూ ఆవిడ ఏడ్చేసింది.

"పోతే పోనీ. ఇంకా ఎన్ని కొట్టను! అది సరే, అవి ఎన్ని తీశారు?"

"ఇరవై."

"స్కూల్లో పిల్లలకి ఎన్ని?"

"పదే. ఇంత పెద్ద తప్పు వాళ్లెవరూ చెయ్యలేదబ్బయ్యా."

 ములెంగా కంచె దూకి వచ్చి, ఆవిడని గెలిచిన కప్పు ఎత్తినట్టు భుజానికెత్తుకుని, మైదానం చుట్టూ పరుగు తీశాడు. "దించరా నన్ను, పరువు పోతా ఉంది!" అని లక్ష్మీకాంతం కేకలేసింది. కేకలేస్తూనే రెండు చేతులూ ఎత్తి జనానికి ఊపింది.