చెంప ఆనే చోటు

మా అన్న పర్వతాలు కామెర్లతో పోయిన రెండు నెలలకు, 1958 వానకాలంలో, ఆయన చేయించుకుంటున్న తుపాకిని అమ్మడానికి నేను పాలమూరు పోయాను. అమ్మనీయకుండా చూడడానికి వదినె గోపమ్మ నా వెంట వచ్చింది. కొత్తకోట నుంచి బస్సులో ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. నేను బడిపంతులును, ఇంట్లో కాల్చేవాళ్లు లేరని అంతకు ముందే చెప్పాను. అది నిజమే. లైసెన్సు నా పేరుకు మార్చుకోవాలి, లేదంటే లైసెన్సున్న మనిషికి అమ్మాలి.

తుపాకి చేస్తున్న నూరుద్దీన్ దుకాణంలో ఎల్లేశం అప్పటికే కూర్చుని ఉన్నాడు. మా పక్క ఊరి ఆసామి. చేతిలో లైసెన్సు ఉంది, చేనులో అడవిపందులు ఉన్నాయి.

"రా సారూ. నాదేమో పొట్టి చెయ్యి. మీ అన్న కొలత నాకు కుదరది. కుందా కోపిచ్చుకుంట" అన్నాడు. కుందా అంటే భుజానికి ఆనే చెక్క.

"కోస్తడంట, కోస్తడు" అంది వదినె అరుగు మీద నుంచే. వాన తుంపరకు అన్న గొంగడి కప్పుకొని వచ్చింది. "జొన్నచొప్ప అనుకుంటుండేమో."

నూరుద్దీన్ నవ్వలేదు. బల్ల మీది గుడ్డ తీశాడు.

అంతవరకు నేను దాన్ని ముక్కలుగానే చూశాను. తూటాను లోపలికి తోసి, తాళం వేసి, పేల్చే నడుమ భాగం ఒక్కటే పాతది. ఏ దేశంలోనో పోత పోసి, ఏ యుద్ధంలోనో ఎవరి చేతుల్లోనో తిరిగి, చివరికి సైన్యం వేలం వేసిన ఇనుము. అన్న తెచ్చిన రోజున అది తుప్పు పట్టిన గడియలా ఉంది. సైన్యం తూటా మన చేతికి నిషేధం కాబట్టి దానికి వేరే కొలత గొట్టం బిగించారు. ఇప్పుడు ఆ ఇనుము వానమబ్బు రంగులో ఉంది. పక్కన చెక్కిన పరదేశపు అంకెలను నూరుద్దీన్ చెరపలేదు. కింద నల్లమల దిక్కు నుంచి అన్న మోసుకొచ్చిన జిట్టేగి చెక్క. ఇనుము ఎక్కడ ఆగిందో, చెక్క ఎక్కడ మొదలైందో వేలితో తడిమినా తెలియలేదు. బోల్టు పిడి ఎత్తి వెనక్కి లాగాను. ఎక్కడా తట్టలేదు. కాసేపు నా చేయి దాని మీదే ఉండిపోయింది.

"చెంప కాడ జర చెక్క ఉంచిన. ఆఖరి కొలతకు పర్వతాలు రావాల్సి ఉండె" అన్నాడు నూరుద్దీన్. "మీరు అదే ఎత్తు, అదే భుజం. నిలబడుండ్రి సార్. పూర్తి చేస్తనని మాటిచ్చిన. తర్వాత మీ ఇష్టం."

కళ్లు మూసుకొని ఎత్తమన్నాడు. భుజానికి ఆనించి, చెంప చెక్క మీద పెట్టి, అప్పుడు తెరవాలి. గొట్టం చివర గురి చూసే మొన, అంటే మక్కీ, ఈ కొస గాడి, రెండూ వాటంతట అవే కలవాలి. వెతికితే కొలత తప్పినట్టే.

రోడ్డవతలి రాతిగుట్ట వైపు ఎత్తాను. బొటనవేలు ముక్కుకు తగిలింది. మక్కీ ఎక్కడో పక్కకు ఉంది.

నూరుద్దీన్ మొహం పాలిపోయింది. "రెండు వేళ్ల మందం పొట్టిగున్నది. నేను రెండుసార్లు కొలిచిన..."

"పొట్టిదైతే నాకే పుట్టింది పో" అన్నాడు ఎల్లేశం.

"కొలిచినప్పుడు మా ఆయన ఒంటి మీద గొంగడి ఉన్నదా?" అని అడిగింది వదినె.

నూరుద్దీన్ ఆలోచించాడు. "ఉండె. చలికాలం. ఆయన ఎన్నడు తీసిండని? నేను పట్టించుకోనే లేదు. గొంగడి మందమంత కొలత తగ్గింది."

"పెండ్లి పీటల మీద గూడ తియ్యలె. మా అమ్మ ఒకటే తిట్టుడు." వదినె లేచి వచ్చింది. కప్పుకున్న గొంగడిని దులిపి, రెండు మడతలు పెట్టి నా కుడి భుజం మీద వేసింది. దాని కొసను ఛాతీ మీదికి ఎట్లా లాగాలో ఆమె చేతులకు తెలుసు. "ఇప్పుడెత్తు గుర్వయ్యా."

కళ్లు మూసుకొని ఎత్తాను. ఈసారి తుపాకి నా మీదికి వచ్చి కూర్చుంది. చెంపను నేను వంచలేదు, దాని చోటికి అదే పోయింది. కళ్లు తెరిచాను. గుట్ట మీద మక్కీ నిలబడి ఉంది, గాడికి సరిగ్గా నడుమ, వెంట్రుకవాసి పైన.

అన్న ఈ చెక్క మీద చెంప ఆనించనే లేదు. అయినా ఆయన మెడ ఎంత వంగేదో, చేయి ఎక్కడికి అందేదో, ఏ ఎత్తు నుంచి చూసేవాడో అంతా అందులో ఉంది. నేను ఆ ఎత్తు నుంచి చూస్తున్నాను. ఊపిరి తీస్తే చెదురుతుందేమోనని తీయలేదు.

"ఆ వెంట్రుకవాసే ఈ చెక్క" అన్నాడు నూరుద్దీన్ మెల్లగా. "ఇగ తీస్త."

"తీసినంక నాకు మల్ల కొయ్యాలె గద. రెండు పనులెందుకు?" అన్నాడు ఎల్లేశం.

తుపాకి దించాను. వదినె నా వైపు చూడలేదు. గుట్ట వైపు చూస్తోంది.

"కొయ్యొద్దు. నా పేరుకు మార్పిస్త" అన్నాను.

"నీకు కాల్చుడొస్తదా సారూ?"

"రాదు."

"మరేం జేస్తవు, పిల్లలను బెదిరిస్తవా?"

"నేర్చుకుంట. నీ చేన్ల పందులు యాడికి పోతయి, ఉంటయి గద."

ఎల్లేశం పకపకా నవ్వి, తువ్వాలు దులుపుకొని లేచాడు. "జల్ది నేర్సుకో మరి. పల్లికాయ ఊరేదాక అవి ఆగయి."

నూరుద్దీన్ ఆకురాయి అందుకున్నాడు. నాలుగు దెబ్బలు రాకి నా చేతికిచ్చాడు. ఎత్తాను. తల అడ్డంగా ఊపి తీసుకున్నాడు, మళ్లీ రాకాడు. ఎన్నిసార్లో గుర్తు లేదు. నల్లటి పొట్టు నా చెంపకు అంటుతోంది. వదినె గొంగడి మడత జారకుండా వెనక నుంచి పట్టుకుని నిలబడింది.